ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలో సరే, లాంగ్వేజ్ ఎలా తయారవుతుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పత్రిక చదువుల పేజీ నేను వదలకుండా చదువుతా. అందులో ప్రోగ్రామింగ్ మీద వచ్చే వ్యాసాలు ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంటాయి, ఇప్పుడు ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటే మంచిది, పైథానా, జావానా, రస్టా అని. ఆ ప్రశ్న తప్పని నేననను, పిల్లలకి ఉద్యోగాలు కావాలి, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. కానీ అసలు ఆ లాంగ్వేజ్ అనేది ఎలా తయారవుతుంది, మనం టైప్ చేసిన అక్షరాలు ప్రాసెసర్ నడపగలిగే అంకెలుగా ఎలా మారతాయి అని చెప్పే వ్యాసం మాత్రం నాకు ఇంతవరకు కనపడలేదు. ఆ మార్పు చేసే ప్రోగ్రామ్‌నే కంపైలర్ అంటారు. నేను ఆ కంపైలర్స్ సబ్జెక్ట్ చెప్పే టీచర్ని, అంతకుముందు ఆ పనే చేసేవాణ్ణి, అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. నేను చెప్పదలుచుకుంది ఇదీ: ప్రోగ్రామింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా ఒక చిన్న లాంగ్వేజ్‌ని మొదట్నుంచి చివరిదాకా సొంత చేతులతో కట్టి చూడాలి, అది కూడా థియరీ అంతా అయిపోయాక చివర్లో ఎప్పుడో కాదు, మొదటి వారం నుంచే.

కంపైలర్ అనగానే చాలామందికి ఒక భయం ఉంది, అదేదో మహా మేధావులు మాత్రమే ముట్టుకునే వ్యవహారం అని. ఒకప్పుడు అది నిజమే. ఐబీఎంలో జాన్ బ్యాకస్ టీమ్ 1954లో ఫోర్ట్రాన్ అనే లాంగ్వేజ్ పని మొదలుపెట్టి 1957లో ఐబీఎం 704 మెషిన్ మీద బయటికి తెచ్చారు, దానికి పట్టిన శ్రమ లెక్కేస్తే ఒక్క మనిషి ఒంటరిగా కూర్చుంటే 18 ఏళ్లు పట్టేంత. ఎందుకంత కష్టమైందంటే వాళ్లకి ముందు ఎవరూ దారి వేసి పెట్టలేదు, లాంగ్వేజ్ వాక్యాల నియమాలు చెప్పే గ్రామర్ ఎలా రాయాలో తెలీదు, ఆ నియమాల ప్రకారం ప్రోగ్రామ్‌ని విడదీసి చూసే పార్సింగ్‌కి పద్ధతి లేదు, పైగా మెషిన్ తయారుచేసిన కోడ్ మనిషి చేత్తో రాసిన కోడ్‌కి ఎప్పటికీ సాటి రాదని అప్పటి ప్రోగ్రామర్లు గట్టిగా నమ్మేవాళ్లు. ఆ నమ్మకం తప్పని నిరూపిస్తే తప్ప ఫోర్ట్రాన్‌ని ఎవరూ వాడరు కాబట్టి బ్యాకస్ టీమ్ మొదటి కంపైలర్‌లోనే ఆప్టిమైజేషన్ మీద, అంటే పుట్టే కోడ్ వేగంగా నడిచేలా మెరుగుపరచడం మీద, ప్రాణం పెట్టింది. ఇప్పుడు అదే పని, చిన్న లాంగ్వేజ్ అయితే, ఒక స్టూడెంట్ ఒక సెమిస్టర్‌లో చేసేస్తాడు. వాడు బ్యాకస్ కంటే తెలివైనవాడని కాదు, ఈ మధ్యలో అరవై డెబ్బై ఏళ్ల పాటు ఎంతోమంది కూడబెట్టిన పద్ధతులు వాడి చేతిలో ఉన్నాయి. ఆ ఆస్తిని పిల్లలకి అందించకుండా పరీక్ష కోసం దాచిపెట్టేస్తున్నాం అన్నదే నా బాధ.

ఆ పద్ధతులు ఎంత సింపుల్‌గా ఉంటాయో చూపిస్తా. 2 + 3 * 4 అని రాశాం అనుకోండి. కంప్యూటర్‌కి అది కొన్ని అక్షరాల వరస, అంతే, అందులో ప్లస్ ఏదో మూడు ఏదో దానికి తెలీదు. ముందు లెక్సర్ అనే ముక్క ఆ వరసని ఎడమ నుంచి చదువుకుంటూ పోయి టోకెన్లుగా విడగొడుతుంది, 2 ఒక టోకెన్, ప్లస్ ఒకటి, 3 ఒకటి, అలా, మధ్యలో స్పేస్‌లు పారేస్తుంది. ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది, ప్రింట్ అనేది మన లాంగ్వేజ్‌లో కీవర్డ్, అంటే లాంగ్వేజ్ తన కోసం ఉంచుకున్న మాట, అయితే ప్రింటర్ అని ఎవరైనా వేరియబుల్ పేరు పెట్టుకుంటే ఏం చెయ్యాలి? ప్రింట్ అనే కీవర్డ్ దొరికింది కదా అని అక్కడ ఆగిపోతే మిగిలిన ముక్క అనాథగా మిగిలిపోతుంది, కాబట్టి ఎంత పొడవు వీలైతే అంత పొడవు చదివి ఆ తర్వాతే అది కీవర్డా కాదా అని చూసుకోవాలి. ఈ చిన్న నియమం పిల్లాడు తనంతట తాను కనుక్కుంటాడు, నేను చెప్పక్కర్లేదు, వాడి ప్రోగ్రామే వాడికి చెప్తుంది.

తర్వాత పార్సర్. మూడూ నాలుగూ ముందు గుణించాలి, ఆ తర్వాత రెండు కూడాలి అని మనం చిన్నప్పుడే నేర్చుకున్నాం, కానీ ఆ సంగతి టోకెన్ల వరసలో ఎక్కడా రాసి లేదు. పార్సర్ దాన్ని ట్రీగా మారుస్తుంది, పైన ప్లస్, దాని ఎడమ కింద 2, కుడి కింద స్టార్, ఆ స్టార్ కింద 3, 4. ఇది చెయ్యడానికి పెద్ద యంత్రాంగం ఏమీ అక్కర్లేదు, మూడు ఫంక్షన్లు రాస్తే చాలు: కూడికలు తీసివేతలు చూసుకునేది ఒకటి, అది పిలిచేది గుణకారం భాగహారం చూసుకునేది, అది పిలిచేది ఒంటరి అంకెల్నీ బ్రాకెట్లనీ చూసుకునేది. బ్రాకెట్ కనపడితే ఆ మూడోది మళ్లీ మొదటి ఫంక్షన్ని పిలుస్తుంది, అలా ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఎంత లోతైన బ్రాకెట్లనైనా విప్పేస్తాయి. దీన్నే రికర్సివ్ డిసెంట్ అంటారు. రికర్షన్, అంటే ఫంక్షన్ తనని తానే మళ్లీ పిలుచుకోవడం, ఫ్యాక్టోరియల్ లెక్క కోసమే అని మాత్రమే తెలిసిన పిల్లలకి అది నిజంగా ఎందుకు కావాలో అర్థమయ్యేది ఇక్కడే అని నా గట్టి నమ్మకం.

ఇందులోనే ఇంకో మెలిక. 10 - 4 - 3 ఎంత? 3 కదా. కానీ పిల్లలు మొదటిసారి రాసే పార్సర్ చాలాసార్లు 9 అని చెప్తుంది, ఎందుకంటే మైనస్ కనపడగానే కుడివైపు మిగిలిందంతా పార్స్ చెయ్యమని తన ఫంక్షన్నే మళ్లీ పిలిచేస్తారు, అప్పుడు 4 - 3 ముందు అయిపోయి 10 లోంచి 1 పోతుంది. దాన్ని సరిచెయ్యాలంటే రికర్షన్ బదులు అక్కడ ఒక లూప్ పెట్టి, వచ్చిన ప్రతి మైనస్‌కీ అప్పటిదాకా కట్టిన ట్రీని ఎడమవైపు వేలాడదియ్యాలి. ఈ తేడాని పుస్తకంలో లెఫ్ట్ అసోసియేటివ్, రైట్ అసోసియేటివ్ అని రెండు లైన్లలో చెప్పేస్తారు, పరీక్షలో రెండు మార్కులకి రాసేస్తారు, కానీ 9 అని స్క్రీన్ మీద చూసినవాడికి అది జన్మలో మర్చిపోయే విషయం కాదు.

మరి మన పాఠాల్లో ఏం జరుగుతోంది? మొదటి సగం అంతా పార్సింగ్ టేబుళ్లు నింపడమే. ఫస్ట్ సెట్, ఫాలో సెట్, ఎల్ఎల్, ఎల్ఆర్ టేబుళ్లు, అంటే ఏ టోకెన్ వస్తే పార్సర్ ఏం చెయ్యాలో చెప్పే పట్టికలు, ఒక్కో ప్రశ్నకి రెండేసి పేజీలు గళ్లు గీసి నింపుతారు. డొనాల్డ్ క్నుత్ 1965లో ఎల్ఆర్ పార్సింగ్ మీద రాసిన పేపర్ గొప్పది, అందులో నాకు రెండో మాట లేదు, దాని మీద ఆధారపడి బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ తయారుచేసిన, గ్రామర్ ఇస్తే పార్సర్ రాసిచ్చే యాక్ టూల్ ఎన్నో కంపైలర్లకి ప్రాణం పోసింది. కానీ ఆ టేబుళ్లు మనిషి చేత్తో నింపడానికి పుట్టలేదు, మెషిన్ నింపుకోవడానికి పుట్టాయి. పైగా జీసీసీ కంపైలర్ వాళ్లే 2004లో సీ ప్లస్ ప్లస్ కోసం, 2006లో సీ కోసం టూల్ తయారుచేసే పార్సర్ వదిలేసి చేత్తో రాసిన రికర్సివ్ డిసెంట్ పార్సర్‌కి మారిపోయారు. ఇండస్ట్రీలో ఇంత పెద్ద కంపైలర్ ఏ పద్ధతి వాడుతోందో అది మన పిల్లలకి ఒక పక్క నోట్‌లాగా చెప్పి, గళ్లు నింపడానికి నెలలు పెట్టడం నాకు మింగుడు పడదు. థియరీ తీసెయ్యమని కాదు, ముందు నడిచే పార్సర్ ఒకటి చేతిలో ఉంటే ఆ తర్వాత ఏ గ్రామర్‌కి అది పనిచెయ్యదో ఎందుకు పనిచెయ్యదో పిల్లాడే అడుగుతాడు, అప్పుడు చెప్పే థియరీ బుర్రకెక్కుతుంది.

గ్రామర్ అంటే గుర్తొచ్చింది, ఫోర్ట్రాన్‌లో పాత రోజుల్లో స్పేస్‌లకి విలువ ఉండేది కాదు, కంపైలర్ వాటిని అసలు లేనట్టే చూసేది. డూ 10 ఐ = 1,10 అని రాస్తే అది లూప్, ఐ అనే వేరియబుల్ ఒకటి నుంచి పది దాకా తిరుగుతుంది. అదే కామా బదులు పొరపాటున చుక్క పడి డూ 10 ఐ = 1.10 అయిందనుకోండి, అప్పుడు కంపైలర్ స్పేస్‌లు తీసేసి డూ10ఐ అనే ఒక కొత్త వేరియబుల్ ఉందనుకుని దానికి 1.10 విలువ ఇచ్చేసి ఊరుకుంటుంది, వేరియబుల్స్ ముందే ప్రకటించాలన్న రూల్ కూడా లేదు కాబట్టి ఎర్రర్ కూడా రాదు, లూప్ మాత్రం మాయం. ఒక చుక్క! లాంగ్వేజ్ డిజైన్ అంటే రుచిని బట్టి సింటాక్స్ ఎంచుకోవడం కాదని, మనిషి చేసే చిన్న తప్పు ఎక్కడ పట్టుబడాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం అని చెప్పడానికి నేను ఇంతకంటే మంచి ఉదాహరణ చూడలేదు.

ఎర్రర్ మెసేజ్‌ల గురించి కూడా రెండు మాటలు. కొత్తగా సీ నేర్చుకునే ప్రతి పిల్లాడూ అడిగే ప్రశ్న, సార్ సెమికోలన్ మర్చిపోయింది అయిదో లైన్‌లో అయితే కంపైలర్ ఆరో లైన్‌లో తప్పుందంటుందేంటి, దానికి బుద్ధి లేదా అని. బుద్ధి ఉంది. ఎందుకంటే సీలో లైన్ అయిపోయినంత మాత్రాన వాక్యం అయిపోయినట్టు కాదు, ఎ = 5 అని అయిదో లైన్‌లో రాసి ఆరో లైన్ ప్లస్ బి అని మొదలుపెట్టి సెమికోలన్ పెడితే అది పూర్తిగా సరైన ప్రోగ్రామే. కొత్త లైన్ అన్న గుర్తుని లెక్సర్ ఎప్పుడో పారేసింది, పార్సర్ దాకా అది రానే రాదు. కాబట్టి 5 తర్వాత ఏమొస్తుందో చూసేదాకా పార్సర్‌కి తప్పు జరిగిందని తెలిసే వీలే లేదు, ఆ వచ్చేది ఆరో లైన్‌లో ఉంటే తప్పు అక్కడే బయటపడుతుంది. ఇప్పటి కంపైలర్లు ఇంకో అడుగు వేసి, తప్పు తెలిసింది ఇక్కడే కానీ మనిషి మర్చిపోయింది బహుశా ముందు టోకెన్ చివర అని ఊహించి అక్కడ బాణం గుర్తు పెడుతున్నాయి. సొంతంగా పార్సర్ రాసినవాడు కంపైలర్ మీద విసుక్కోడు, అది ఎక్కడిదాకా చదివి ఎక్కడ ఇరుక్కుందో మనసులో ఊహించుకోగలడు, డీబగ్గింగ్‌లో సగం పని అదే.

ట్రీ వచ్చేశాక దాన్ని నడపడం చాలా ఆనందంగా ఉండే పని. ప్లస్ అనే నోడ్ దగ్గరికొస్తే ఎడమది లెక్కకట్టు, కుడిది లెక్కకట్టు, కూడి ఇవ్వు, అంతే ఇంటర్‌ప్రెటర్. జాన్ మెకార్తీ లిస్ప్ లాంగ్వేజ్‌ని కాగితం మీద గణితంలాగా రాస్తూ, లిస్ప్ ప్రోగ్రామ్‌ల విలువ కట్టే ఈవాల్ అనే ఫంక్షన్‌ని ఆ లిస్ప్‌లోనే రాసి చూపించాడు, అది థియరీ కోసం అనుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసే స్టీవ్ రసెల్ ఆ ఫంక్షన్‌ని ఐబీఎం 704 మెషిన్ కోడ్‌లోకి చేత్తో మార్చేసి నడిపించాడు, దాంతో కాగితం మీద ఉన్న లాంగ్వేజ్‌కి ఒక్కసారిగా ఇంటర్‌ప్రెటర్ వచ్చేసింది. ఒక లాంగ్వేజ్ మొత్తం అర్థం ఒక పేజీ ఫంక్షన్‌లో పట్టేస్తుంది అన్న సంగతి తెలిసిన రోజు ప్రోగ్రామింగ్ మీద మన చూపే మారిపోతుంది.

వేరియబుల్స్ పెట్టడం మొదలుపెడితే స్కోప్ వస్తుంది, అంటే ఏ పేరు ఎక్కడిదాకా చెల్లుతుంది అన్న ప్రశ్న. పేరు కనపడితే ముందు లోపలి డబ్బాలో వెతుకు, లేకపోతే బయటి డబ్బాలో, అక్కడా లేకపోతే ఇంకా బయట, చివరికి గ్లోబల్, అక్కడా లేకపోతే ఎర్రర్. ఇంతవరకు ఈజీ. ఒక ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ రాసి దాన్ని బయటికి రిటర్న్ చేస్తే? బయటి ఫంక్షన్ పని అయిపోయింది, దాని వేరియబుల్స్ కూడా పోవాలి, కానీ లోపలిది ఇంకా వాటిని వాడుతోంది. అప్పుడు ఫంక్షన్ అంటే ఒట్టి కోడ్ కాదు, అది పుట్టినప్పుడు చుట్టూ ఉన్న డబ్బాల్ని కూడా వెంట పట్టుకెళ్లాలి అని తేలుతుంది, దాన్నే క్లోజర్ అంటారు. జావాస్క్రిప్ట్ ఇంటర్వ్యూల కోసం క్లోజర్ నిర్వచనం బట్టీ పట్టే పిల్లల్ని చూస్తే నాకు జాలేస్తుంది, సొంత ఇంటర్‌ప్రెటర్‌లో ఒక ఫీల్డ్ అదనంగా పెడితే అర్థమైపోయేదాన్ని వాళ్లు మంత్రంలాగా వల్లె వేస్తున్నారు. ఆ డబ్బాల్ని ఎవరూ వాడటం లేదని ఎప్పుడు తెలుస్తుంది, ఎప్పుడు పారేయాలి అని అడిగితే అది గార్బేజ్ కలెక్షన్, అది కూడా మెకార్తీ లిస్ప్ కోసం కనిపెట్టిందే.

ఇక మెషిన్ వైపు దిగితే, ఒక మెట్టు మధ్యలో ఆగడం మంచిదని నా అభిప్రాయం, అంటే ఒక ఊహా మెషిన్ కోసం రాసే చిన్న చిన్న ఆదేశాల వరస అయిన బైట్‌కోడ్. ఎ + బి * సి ని, విలువల్ని దొంతరలా ఒకదాని మీద ఒకటి పెట్టి పైవాటితో లెక్క చేసే స్టాక్ మెషిన్‌కి రాస్తే ఎ పెట్టు, బి పెట్టు, సి పెట్టు, గుణించు, కూడు, ఇంతే, ట్రీని కింద నుంచి పైకి నడిస్తే ఈ వరస దానంతట అదే వచ్చేస్తుంది. పైథాన్ వాడేవాళ్లు అది ఇంటర్‌ప్రెటర్ కదా కంపైలర్ ఎక్కడుంది అంటుంటారు, కానీ పైథాన్ కూడా ముందు ఇలాంటి బైట్‌కోడ్‌కి కంపైల్ చేసుకునే నడుపుతుంది, డిస్ అనే మాడ్యూల్‌తో ఎవరైనా తమ ఫంక్షన్ బైట్‌కోడ్ చూసుకోవచ్చు. ఒకసారి చూడమనండి మీ పాఠకుల్ని, పది నిమిషాల పని. అసలు ప్రాసెసర్ దగ్గరికొచ్చేసరికి స్టాక్ సౌకర్యం పోయి రిజిస్టర్ల, అంటే ప్రాసెసర్ లోపలే విలువలు పెట్టుకునే కొద్దిపాటి గళ్ల, కరువు మొదలవుతుంది, 64 బిట్ ఎక్స్86 ప్రాసెసర్‌లో మామూలు పనులకి వాడుకునే రిజిస్టర్లు 16, మన ఫంక్షన్‌లో ఒకేసారి బతికి ఉండే విలువలు అంతకంటే ఎక్కువుంటే ఎవర్ని మెమరీకి పంపాలి అన్నది పెద్ద ప్రశ్న. ఐబీఎంలో గ్రెగరీ చైటిన్ వాళ్లు 1980ల మొదట్లో దీన్ని గ్రాఫ్‌కి రంగులు వేసే సమస్యగా మార్చి పరిష్కరించారు, ఒకేసారి బతికుండే రెండు విలువల మధ్య గీత గీస్తే, గీత ఉన్న రెండింటికీ ఒకే రంగు అంటే ఒకే రిజిస్టర్ రాకూడదు. గ్రాఫ్ థియరీ ఎందుకు సార్ అని అడిగే పిల్లలకి నేను ఇదే చూపిస్తా.

ఆప్టిమైజేషన్ గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తెలియకపోతే నష్టం జరుగుతుంది. 60 * 60 * 24 అని రాస్తే కంపైలర్ ముందే 86400 అని లెక్కకట్టి పెట్టేస్తుంది, మంచిదే. కానీ పాస్‌వర్డ్ వాడేశాక మెమరీలో మిగలకూడదని దాని మీద సున్నాలు రాసే లైన్ ఒకటి ఫంక్షన్ చివర్లో పెట్టామనుకోండి, ఆ తర్వాత ఆ మెమరీని ఎవరూ చదవడం లేదు కాబట్టి ఈ రాత వృధా అని కంపైలర్ ఆ లైన్ మొత్తం తీసేయొచ్చు, దాని రూల్స్ ప్రకారం అది కరెక్టే. సోర్స్ కోడ్ చూసినవాడికి పాస్‌వర్డ్ చెరిగిపోయిందనిపిస్తుంది, నడిచే ప్రోగ్రామ్‌లో అది అక్కడే ఉంటుంది. దీనికోసమే సీ 23 స్టాండర్డ్‌లో మెమరీని నింపే, కంపైలర్ తీసెయ్యడానికి వీల్లేని మెమ్‌సెట్ ఒకటి ప్రత్యేకంగా చేర్చారు. అలాగే సీలో మామూలు ఇంటిజర్ హద్దు దాటితే ఏమవుతుందో స్టాండర్డ్ చెప్పదు, దాటదు అనుకునే కంపైలర్ లెక్కలేసుకుంటుంది, అందుకని హద్దు దాటిందేమో చూద్దామని ఎక్స్ + 1 అనేది ఎక్స్ కంటే పెద్దదేనా అని చెక్ రాస్తే ఎప్పుడూ పెద్దదే కదా అని ఆ చెక్‌నే ఎగరగొట్టేస్తుంది. కంపైలర్ మన ఉద్దేశం చదవదు, లాంగ్వేజ్ స్టాండర్డ్‌లో ఉన్న ఒప్పందం చదువుతుంది. సెక్యూరిటీ పని చేసే పిల్లలకి ఇది తెలియకుండా సర్టిఫికెట్ ఇవ్వడం ఎంతవరకు న్యాయం?

కంపైలర్ తప్పు చెయ్యదు అన్న నమ్మకం కూడా కొంచెం సడలాలి. యూటా యూనివర్సిటీ వాళ్లు సీస్మిత్ అనే టూల్‌తో సీ ప్రోగ్రామ్‌లని ర్యాండమ్‌గా పుట్టించి వేర్వేరు కంపైలర్లకి ఇచ్చి జవాబులు పోల్చి చూశారు, 2011లో అచ్చయిన వాళ్ల పేపర్ ప్రకారం 325కి పైగా కొత్త బగ్‌లు దొరికాయి, అవి కూడా లోకమంతా వాడే కంపైలర్లలో. అదే సమయంలో జేవియర్ లెరాయ్ టీమ్ కట్టిన కాంప్‌సర్ట్ అనే కంపైలర్‌లో, మెషిన్ తనిఖీ చేసే గణిత నిరూపణ ఉన్న మధ్య భాగాల్లో మాత్రం తప్పు కోడ్ పుట్టించే బగ్ ఒక్కటీ దొరకలేదు. నిరూపణ అనేది పరిశోధకుల సరదా కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి.

పిల్లలకి అన్నిటికంటే తల తిరిగేది మాత్రం ఒక లాంగ్వేజ్ కంపైలర్‌ని ఆ లాంగ్వేజ్‌లోనే రాసుకునే బూట్‌స్ట్రాపింగ్. గో లాంగ్వేజ్ కంపైలర్ మొదట సీలో ఉండేది, 2015లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి గోలోనే ఉంది. రస్ట్ మొదటి కంపైలర్ ఓకామల్‌లో రాశారు, 2011 నాటికి రస్ట్‌లో రాసిన కంపైలర్ తనని తానే కంపైల్ చేసుకుంది. మరి తన కంపైలర్‌ని తానే కంపైల్ చేసుకునే లాంగ్వేజ్‌లో మొదటిది ఎక్కడ్నుంచి వస్తుంది? వేరే లాంగ్వేజ్‌లో ఒక చిన్న కంపైలర్ రాసి, దానితో అసలు కంపైలర్‌ని కంపైల్ చేసి, వచ్చినదానితో మళ్లీ అదే సోర్స్‌ని కంపైల్ చేస్తారు. యూనిక్స్ తయారుచేసినవాళ్లలో ఒకడైన కెన్ థామ్సన్ ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో, అది 1984లో అచ్చయింది, ఇక్కడున్న ప్రమాదం చూపించాడు: లాగిన్ ప్రోగ్రామ్ కంపైల్ అవుతున్నప్పుడు దొంగ తలుపు ఒకటి చేర్చేలాగా, కంపైలరే కంపైల్ అవుతున్నప్పుడు ఈ బుద్ధిని మళ్లీ అందులో చేర్చేలాగా కంపైలర్‌ని మార్చి, ఆ తర్వాత సోర్స్‌లోంచి ఆ మార్పు తీసేస్తే, సోర్స్ ఎంత చదివినా దొంగ తలుపు కనపడదు, బైనరీలో మాత్రం తరతరాలుగా వస్తూనే ఉంటుంది. ఈ పాఠం చెప్పిన రోజు క్లాస్ అయ్యాక కూడా పిల్లలు లేవరు, ఒకళ్లతో ఒకళ్లు వాదించుకుంటూ అక్కడే ఉంటారు.

ఉద్యోగంలో కంపైలర్ ఎవరు రాయిస్తారండీ అని అడిగేవాళ్లు ఉంటారు, మీ దగ్గరికి కూడా ఆ ప్రశ్న వస్తుంది. పేరు కంపైలర్ అని ఉండకపోవచ్చు కానీ పని అదే చాలాచోట్ల ఉంటుంది. డేటాబేస్ మన ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని పార్స్ చేసి ట్రీ కట్టి ఆప్టిమైజ్ చేసే నడుపుతుంది, స్ప్రెడ్‌షీట్‌లో ఫార్ములా గడి అంతే, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంతే, ఎడిటర్‌లో తప్పు కింద ఎర్ర గీత గీసేదీ అంతే. ఇప్పుడు ఏఐ కోడ్ రాసేస్తోంది కదా ఇవన్నీ ఎందుకు అనేవాళ్లకి నా జవాబు, కోడ్ ఎవరు రాసినా అది ఏం చేస్తుందో చదివి తేల్చాల్సిన మనిషి ఒకరు ఉండాలి, ఎక్స్ + 1 చెక్ ఎందుకు ఎగిరిపోయిందో తెలియనివాడు ఏఐ రాసిన అలాంటి చెక్‌ని చూసి భలే ఉందనే అనుకుంటాడు.

అందుకే నా విన్నపం. మీ చదువుల పేజీలో వారానికి ఒకటి చొప్పున ఒక చిన్న లాంగ్వేజ్ కట్టే సీరీస్ నడపండి. మొదటి వారమే పాఠకుడి చేతిలో నడిచేది ఏదో ఒకటి ఉండాలి, కూడికలు చేసే క్యాలిక్యులేటర్ అయినా సరే, తర్వాత ప్రతి వారం దానికే ఒక అంగుళం చేర్చుకుంటూ పోవాలి, వేరియబుల్స్, ఇఫ్, లూప్, ఫంక్షన్లు, ఆ తర్వాత బైట్‌కోడ్. కీవర్డ్‌లు తెలుగులో పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది, అందులో ఒక మంచి పాఠం కూడా దొరుకుతుంది: పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి అని లెక్సర్‌లో మామూలు చెక్ రాస్తే తెలుగు పేర్లు మధ్యలో విరిగిపోతాయి, ఎందుకంటే యూనికోడ్ లెక్కలో క అనేది అక్షరం కానీ దాని మీద వచ్చే దీర్ఘం, ఉత్వం, ఒత్తు కోసం వాడే విరామం గుర్తు అక్షరాలు కావు, మార్క్‌లు. ఆ మార్క్‌లు పేరు మొదట్లో రాకూడదు, మధ్యలో రావచ్చు అని విడిగా రూల్ రాసుకోవాలి. పైథాన్ 3 ఈ రూల్ పాటిస్తుంది కాబట్టే అందులో వేరియబుల్‌కి తెలుగు పేరు పెడితే పనిచేస్తుంది. ఎర్రర్ మెసేజ్‌లు కూడా తెలుగులోనే రానివ్వండి, ఏ లైన్‌లో ఏ టోకెన్ దగ్గర ఏం ఉండాల్సింది ఏం వచ్చింది అని పూర్తి వాక్యంలో, మంచి మెసేజ్ రాయడం ఎంత కష్టమో అప్పుడే తెలుస్తుంది.

మీకు రాసేవాళ్లు దొరక్కపోతే నేను రాస్తాను, నాకు పైసా ఇవ్వక్కర్లేదు. ప్రతి వారం కోడ్ నేను ముందే నడిపి చూసి, తప్పు ఇన్‌పుట్‌లు ఇస్తే ఏమవుతుందో కూడా చూసి పంపిస్తా, పాఠకులు పంపే ప్రశ్నలకి జవాబులు తర్వాతి వారం అదే చోట ఇద్దాం. ఒక్కటే షరతు, కోడ్‌లో స్పేస్‌లు, ఇండెంటేషన్ పేజీ మీద ఉన్నది ఉన్నట్టు పడాలి, పేజీ సర్దుబాటు కోసం లైన్లు కలిపేస్తే చదివి టైప్ చేసుకునే పిల్లలు ఇబ్బంది పడతారు. ఒక్కో భాగం ఎంత పొడవుండాలో మీ వాళ్లు చెప్తే మొదటి మూడు భాగాలు సిద్ధం చేసి పంపుతా.

ఇట్లు,
మీ పాఠకుడు,
కంపైలర్స్ చెప్పే ఒక టీచర్